ఎదిగే ఒంటికి పెద్దల లెక్క సరిపోదు

బెంగళూరు మారతహళ్ళిలో ఉండే మా చెల్లెలి ఇంటికి నిరుడు ఒక ఆదివారం వెళ్ళేసరికి, ఆమె తన 13 ఏళ్ళ కొడుకును బాల్కనీలో పీట మీద కూర్చోబెట్టి, శనగపిండిలో పెరుగు కలిపి, వాడి మెడ వెనక నల్లగా, మందంగా, ముడతలుగా కనిపిస్తున్న చోట గట్టిగా రుద్దుతూ ఉంది. స్కూలు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటాడు కాబట్టి ఔటర్ రింగు రోడ్డు దుమ్మంతా మెడ మీదే పేరుకుంటోందని ఆమె నమ్మకం. చర్మం ఎర్రబడింది గాని నలుపు పోలేదు. అది రుద్దితే పోయేది కాదు, ఎందుకంటే అది మట్టి కాదు. ఒంట్లో ఇన్సులిన్ ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉన్నప్పుడు మెడ వెనక, చంకల్లో, గజ్జల్లో చర్మం ఇలా నల్లబడి మఖమలు గుడ్డలాగా మందమవుతుంది; వైద్యులు దీనిని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. బరువు బాగా పెరిగిన పిల్లల్లో కండరాలు, కాలేయం ఇన్సులిన్‌కు సరిగా స్పందించడం తగ్గిపోతుంది, అదే పని చేయించడానికి క్లోమం మరింత ఇన్సులిన్‌ను వదులుతుంది, ఆ అదనపు ఇన్సులిన్ చర్మ కణాలను కూడా అవసరం లేకుండా పెంచుతుంది. ఆ పిల్లవాడి మెడ మీది నలుపు ఒక రక్తపరీక్ష చేయించమని ఒళ్ళు చూపిస్తున్న గుర్తు.

అదే వారంలో బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆమెకు కొడుకు బరువు తగ్గించడానికని ఒక డైట్ చార్టు వచ్చింది. ఉదయం నిమ్మరసం కలిపిన వేడినీళ్ళు, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రి సూపు, అంతా కలిపి రోజుకు 1,200 కేలరీలు. ఆ చార్టు ఎవరో నడివయసు మనిషి కోసం రాసినది. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం, 13 నుంచి 15 ఏళ్ళ మధ్య మగపిల్లలకు రోజుకు 2,860 కేలరీలు, ఆడపిల్లలకు 2,400 కేలరీలు కావాలి. ఇవి తగిన బరువుతో ఉండి ఒక మోస్తరుగా ఆడుతూ తిరిగే పిల్లలకు వేసిన సగటులు కాబట్టి, బస్సులోనూ పుస్తకాల ముందూ రోజంతా కూర్చునే పిల్లవాడికి ఇంతకన్నా కొంత తక్కువే సరిపోవచ్చు. అయినా 1,200 అన్నది వాడికి కావలసిన దానిలో సుమారు సగమే.

పెద్దవాళ్ళు తక్కువ తింటే ఒళ్ళు చాలావరకు దాచుకున్న కొవ్వును తీసి వాడుకుంటుంది. ఎదిగే పిల్లల ఒంటికి ఆ వెసులుబాటు అంతగా లేదు. అదే సమయంలో అది ఎముకను పొడిగిస్తూ, కండను కూడగడుతూ, రక్తాన్ని పెంచుకుంటూ, యౌవనంలోకి అడుగు పెడుతూ ఉంటుంది. జీవితాంతం మోయవలసిన ఎముక బలంలో చాలా భాగం 20 ఏళ్ళ లోపే సమకూరుతుంది. అందుకే ఈ వయసులో రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని, ఆడపిల్లలకైతే 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలని అదే సంస్థ చెబుతుంది. సగం కడుపుతో ఉన్న పిల్లవాడికి ఇవి అందవు. కొవ్వుతో పాటు కండ కరుగుతుంది, జుట్టు రాలుతుంది, ఆడపిల్లలకు నెలసరి తప్పుతుంది, మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు కూడా ఏర్పడతాయి. లావుగా ఉన్న పిల్లలకు పోషకాహార లోపం ఉండదనుకోవడం కూడా పొరపాటే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59.1 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఒళ్ళు చేసిన పిల్లకు రక్తం తక్కువగా ఉండడం మన ఇళ్ళలో వింతేమీ కాదు.

అయితే ఎదుగుదలే ఈ సమస్యలో మనకు కలిసొచ్చే అంశం కూడా. మా చెల్లెలి కొడుకు అప్పుడు 155 సెంటీమీటర్ల ఎత్తు, 65 కిలోల బరువు ఉన్నాడు. బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే బీఎంఐ వాడికి 27. ఇప్పుడు వాడు ఒక్క కిలో కూడా తగ్గకుండా, అదే 65 కిలోల దగ్గర నిలబడి, 165 సెంటీమీటర్లకు ఎదిగాడనుకుందాం. బీఎంఐ 23.9కు దిగుతుంది. ఒక పెద్దమనిషి ఇదే ఫలితం పొందాలంటే ఏడెనిమిది కిలోలు కరిగించుకోవాలి. ఎదిగే పిల్లవాడికి మాత్రం పొడవు పెరుగుతున్నంత కాలం బరువును నిలకడగా ఉంచడమే చికిత్సలో ముఖ్యమైన భాగం. ఈ సంగతి తెలియకనే చాలామంది తల్లిదండ్రులు వారం వారం కాటా ఎక్కించి, ముల్లు కదలలేదని నిరాశపడి, పిల్లవాడిని తిట్టి, చివరికి ఎవరో చెప్పిన పొడుల డబ్బా కొంటారు.

ఈ వెసులుబాటు అందరికీ ఒకే విధంగా ఉండదు. ఆడపిల్లలు రజస్వల అయిన తర్వాత సాధారణంగా ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లకు మించి ఎదగరు, కాబట్టి 16 ఏళ్ళ పిల్లకు ఎత్తు తోడు రాదు. ఆమెకూ, బరువు మరీ ఎక్కువగా ఉన్న ఏ పిల్లలకైనా, నిదానంగా కొంత తగ్గడం అవసరమే. అటువంటప్పుడు కూడా వారానికి సుమారు 900 గ్రాములకు మించి తగ్గకూడదని పిల్లల వైద్యులు హద్దు పెట్టుకున్నారు. అది గరిష్ఠ హద్దు, అందుకోవలసిన లక్ష్యం కాదు. నెలకు ఒకటి రెండు కిలోలు తగ్గినా మంచి మార్పే.

పిల్లలకు బీఎంఐ అంకెను ఉన్నదున్నట్టు చదవకూడదు. పదేళ్ళ పిల్లకూ పదిహేడేళ్ళ పిల్లకూ 22 అన్న అంకెకు అర్థం ఒకటి కాదు. వయసునూ, ఆడా మగా అన్న తేడానూ బట్టి గీసిన వక్రరేఖల మీద ఆ అంకెను గుర్తించాలి. మన పిల్లల కోసం దేశంలోని పిల్లల వైద్యుల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2015లో 5 నుంచి 18 ఏళ్ళ వరకు అలాంటి చార్టులను ప్రచురించింది. పెద్దయ్యాక బీఎంఐ 23కు చేరే గీతను అధిక బరువుకు, 27కు చేరే గీతను ఊబకాయానికి సరిహద్దులుగా పెట్టింది. పాశ్చాత్య దేశాల్లో పెద్దలకు వాడే 25, 30 అంకెలకన్నా ఇవి తక్కువగా ఉండడానికి కారణం మన ఒంటి తీరు. పుణె కె.ఇ.ఎం. ఆసుపత్రికి చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ పత్రికలో తమ ఇద్దరి ఫొటో పక్కపక్కన వేసి చూపించారు: ఇద్దరి బీఎంఐ 22.3 గానే ఉంది, కాని యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉంటే యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం ఉంది. చూపుకు సన్నగా ఉండి పొట్టలో కొవ్వు దాచుకునే ఒళ్ళు మనవి.

అందువల్ల కాటాతో పాటు నడుమును కూడా చూడాలి. దీనికి పరికరమేమీ అక్కరలేదు. పిల్లవాడి ఎత్తంత పొడవున్న దారం తీసుకుని, సగానికి మడిచి, బొడ్డు మట్టానికి నడుము చుట్టూ పెట్టినప్పుడు రెండు కొసలూ కలిస్తే సరే. కలవకుండా దూరంగా ఉంటే నడుము కొలత ఎత్తులో సగాన్ని దాటిందని అర్థం. బ్రిటన్‌లోని వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో ఇదే కొలతను అయిదేళ్ళు దాటిన పిల్లలకూ పెద్దలకూ సూచించింది. మా వాడికి దారం కొసల మధ్య జానెడు కన్నా తక్కువ, నాలుగు వేళ్ళ కన్నా ఎక్కువ ఎడం మిగిలింది: నడుము 88, ఎత్తులో సగం 77.5. ఈ పని గదిలో, తలుపు వేసుకుని, పిల్లవాడు ఒప్పుకున్నప్పుడు చేయాలి. హాలులో చుట్టాల ముందు చేయకూడదు.

మనవాళ్ళు బరువు కనిపించగానే మొదట థైరాయిడ్ మాట ఎత్తుతారు. నిజానికి హార్మోన్ లోపం వల్ల ఒళ్ళు వచ్చే పిల్లలు చాలా కొద్దిమందే, వాళ్ళను గుర్తుపట్టడానికి ఒక మంచి ఆనవాలు ఎత్తు. థైరాయిడ్ లోపం, కార్టిసాల్ అనే హార్మోన్ ఎక్కువ కావడం వంటివి ఉంటే పొడవు పెరగడం మందగిస్తుంది. తోటివాళ్ళతో సమానంగానో ఇంకా ముందుగానో పొడవు పెరుగుతూ బరువు కూడా పెరుగుతున్న పిల్లవాడికి అలాంటి లోపం ఉండే అవకాశం తక్కువ. కాబట్టి వైద్యుడి దగ్గరకు వెళ్ళేటప్పుడు గత రెండు మూడేళ్ళ స్కూలు రిపోర్టు కార్డుల్లో రాసిన ఎత్తు, బరువు అంకెలను తీసుకువెళ్ళడం ఏ ఖరీదైన పరీక్షకన్నా ముందు చేయవలసిన పని. మెడ నల్లబడినా, ఇంట్లో మధుమేహం ఉన్నా రక్తంలో చక్కెరను, కొవ్వులను, కాలేయానికి కొవ్వు పట్టిందేమో చూసే ఏఎల్‌టీ ఎంజైమును పరీక్షిస్తారు, రక్తపోటు చూస్తారు. ఆడపిల్లకు నెలసరి నెలల తరబడి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు ఎక్కువైతే పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉందేమో అడగాలి. రాత్రి పెద్దగా గురక పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి, పగలు క్లాసులో కునికే పిల్లవాడిని కూడా చూపించాలి. ఒక్క విషయంలో మాత్రం అసలు ఆలస్యం చేయకూడదు. బరువున్న పిల్లవాడు తుంటి నొప్పి అనో మోకాలి నొప్పి అనో కుంటుతూ నడిస్తే, తుంటి ఎముక తల జారే ప్రమాదం ఉంటుంది కాబట్టి, ఆటలో బెణికిందని నూనె రాసి ఊరుకోకుండా అదే రోజు ఎక్స్‌రే తీయించాలి. విడవని తలనొప్పితో పాటు చూపు మసకబారినా అంతే, వెంటనే డాక్టరుకు చూపించాలి.

కంచం దగ్గర

తెలుగు భోజనానికి ఒక వరుస ఉంది: పప్పులోకి అన్నం, కూరలోకి అన్నం, చారులోకి అన్నం, పెరుగులోకి అన్నం. ఇంట్లో వండిన ప్రతి ఆదరువూ మరో వాయి అన్నాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. పైగా అమ్మమ్మలు, అవ్వలు కొసరి కొసరి వడ్డించడాన్ని ప్రేమగా ఎంచే ఇళ్ళు మనవి. మా చెల్లెలి ఇంట్లో ఒక రాత్రి నేను గమనించాను. పిల్లవాడు మొదటి వాయిలో ఆవకాయ, నెయ్యి, ముద్దపప్పు కలుపుకుని కంచం నిండా తిన్నాడు, రెండోసారి బంగాళాదుంప వేపుడుతో తిన్నాడు, వాడు చాలన్న తర్వాత కూడా వాళ్ళ అవ్వ పెరుగన్నం తినకపోతే వేడి చేస్తుందని మరో రెండు గరిటెలు వేసింది. వాడి కంచంలో అన్నం మూడుసార్లు పడింది, కాయగూర మాత్రం ఆ బంగాళాదుంప ముక్కలే.

అన్నం మానెయ్యమని చెప్పడం తేలిక, కాని ఆ నియమం పది రోజులు నిలవదు, నిలవాలని కోరుకోవడం కూడా మంచిది కాదు. నేను చూసినంతలో ఫలితమిచ్చిన మార్పు వాయిలను తగ్గించడం. బీరకాయ, సొరకాయ, చిక్కుడు, గోరుచిక్కుడు వంటి కూర ఏదో ఒకటి మొదట కంచంలో సగం మేర వడ్డించి, పప్పు గట్టిగా వండి, ఆ రెండింటితో కలిపి ఒకే వాయి అన్నం పెట్టి, చారును గ్లాసులో పోసి తాగడానికి ఇచ్చి, పెరుగును దోసకాయ ముక్కలతో గిన్నెలో ఇస్తే, పిల్లవాడు కడుపు నిండా తింటాడు, పప్పు, పెరుగు, గుడ్డు ద్వారా మాంసకృత్తులూ కాల్షియమూ అందుతాయి, అన్నం మాత్రం సగానికి తగ్గుతుంది. కడుపు నిండడం ఇక్కడ చాలా ముఖ్యం. ఆకలితో లేచిన పిల్లవాడు గంటలో ఫోను తీసి పది నిమిషాల్లో తెచ్చిపెట్టే యాప్‌లో చిప్సు తెప్పించుకుంటాడు.

రాగుల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే బెంగళూరులో ఉన్న మన అనంతపురం, కడప, చిత్తూరు వాళ్ళకు సంకటి ఇంటి తిండే, చుట్టుపక్కల కన్నడిగులకు అదే ముద్దె. జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల్లో 100 గ్రాముల రాగుల్లో సుమారు 320 కేలరీలు, అంతే బియ్యంలో సుమారు 356 కేలరీలు ఉన్నాయి. తేడా స్వల్పమే. రాగులు తింటే బరువు దానంతటదే కరుగుతుందనుకుని రెండు పెద్ద ముద్దలు పెడితే ఏ లాభమూ ఉండదు. కాని అవే 100 గ్రాముల రాగుల్లో కాల్షియం సుమారు 364 మిల్లీగ్రాములు ఉంటే తెల్ల బియ్యంలో 10 మిల్లీగ్రాములు కూడా లేదు, పీచు నాలుగు రెట్లు ఎక్కువ. ఎదిగే ఎముకకు, త్వరగా నిండే కడుపుకు ఆ తేడా పనికొస్తుంది కాబట్టి వారంలో కొన్ని రోజులు అన్నానికి బదులు ఒక చిన్న ముద్ద, ఆకుకూర పప్పుతో తింటే చాలా మేలు.

ఇక నూనె. దీనికి లెక్క కంచంలో దొరకదు, నెల సరుకుల చీటీలో దొరుకుతుంది. జాతీయ పోషకాహార సంస్థ చూపే 2,000 కేలరీల నమూనా కంచంలో నూనె, నెయ్యి కలిపి రోజుకు 27 గ్రాములు. నలుగురున్న ఇంటికి 30 రోజులకు లెక్కేస్తే 3 కిలోల 240 గ్రాములు, అంటే లీటరు ప్యాకెట్లు మూడున్నర. మా చెల్లెలు తన చీటీ తీసి చూస్తే నూనె ప్యాకెట్లు ఆరు, నెయ్యి కిలో ఉన్నాయి. నూనె గ్రాముకు 9 కేలరీలు, పిండిపదార్థం గ్రాముకు 4 కేలరీలు కాబట్టి, ఇడ్లీల సంఖ్య లెక్కపెట్టే ఇంట్లో మూకుడులోకి వంపే నూనెను ఎవరూ లెక్కపెట్టకపోవడం పెద్ద పొరపాటు. ఆమె సీసా నుంచి వంపడం మాని చెంచాతో వేయడం మొదలుపెట్టింది, వేపుళ్ళను వారానికి రెండు రోజులకు పరిమితం చేసింది. రెండో నెలలో ప్యాకెట్లు నాలుగుకు దిగాయి. పిల్లవాడికి వేరే వంట చేయవలసిన పని రాలేదు.

చక్కెర చాలావరకు గ్లాసుల్లో దాక్కుని ఉంటుంది. 300 మిల్లీలీటర్ల కోలాలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. 2,000 కేలరీలు తినే మనిషి రోజంతా కలిపి 25 గ్రాముల లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన మాటతో పోలిస్తే అది ఒక్క సీసాలోనే దాటిపోతుంది. బలానికని పాలలో కలిపే మాల్ట్ పొడుల సంగతీ చూడాలి. అటువంటి పానీయాలను 'హెల్త్ డ్రింక్' విభాగంలో ఉంచవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకు సూచించింది, ఎందుకంటే ఆహార భద్రత చట్టంలో ఆ పేరుతో ఒక తరగతే లేదు. పండ్ల రసం కన్నా పండు మంచిది, చక్కెర లేని మజ్జిగ అన్నిటికన్నా మంచిది.

స్కూలు దగ్గర నియమాలు ఉన్నాయి. ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువగా ఉన్న పదార్థాలను స్కూలు ఆవరణలో గాని, గేటు నుంచి 50 మీటర్ల లోపు గాని అమ్మకూడదని ఆహార భద్రత ప్రాధికార సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. ఏ పానీయంలో ఎంత చక్కెర ఉందో చూపే బోర్డులు పెట్టాలని 2025 మేలో సీబీఎస్ఈ తన స్కూళ్ళను ఆదేశించింది. కాని బెంగళూరు పిల్లవాడు సాయంత్రం ట్యూషన్‌కు నడిచే దారిలో ప్రతి మలుపులోనూ ఒక అయ్యంగార్ బేకరీ ఉంటుంది, అద్దం వెనక ఖారా బన్, దిల్‌పసంద్, ఎగ్ పఫ్ వేడివేడిగా కనిపిస్తూ ఉంటాయి. ఉదయం 6:50కి బస్సు ఎక్కినవాడు, టిఫిన్ సగం వదిలేసి వెళ్ళినవాడు, నాలుగున్నరకు తిరిగి వచ్చేసరికి ఎంత ఆకలితో ఉంటాడో ఊహించాలి. ఆ ఆకలికి నిషేధం జవాబు కాదు. బ్యాగు దించగానే గుగ్గిళ్ళో, ఉడికించిన పల్లీలో, గుడ్డో, పొద్దుటి ఇడ్లీ పొడి వేసినదో బల్ల మీద ఉంటే, బేకరీ ముందు నిలబడడం వారానికి ఒకసారికి తగ్గుతుంది. ఆ ఒక్కసారి మిత్రులతో కలిసి తిననివ్వాలి.

మాట దగ్గర

బరువు విషయంలో ఇంట్లో వినిపించే మాట తిండి కన్నా ఎక్కువ హాని చేయగలదు. ఏరా బొండాం అని పిలిచే మామయ్య, పెళ్ళిలో అందరి ముందు పొట్ట తట్టే పెద్దనాన్న, ఈ పిల్లకు సంబంధాలెలా వస్తాయని పదమూడేళ్ళకే బెంగపడే అత్తయ్య, వీళ్ళెవరికీ చెడు ఉద్దేశం ఉండదు, మేలు కోరే అంటారు. కాని బరువు గురించి వెక్కిరింతలు పడిన పిల్లలు సన్నబడకపోగా మరింత బరువు పెరుగుతారని, అందరి ముందు తినడం మానేసి చాటుగా తింటారని, ఆటలకు దూరమవుతారని పరిశోధనలు పదే పదే చూపాయి. అమెరికాలోని మినెసోటాలో వేలాది పిల్లలను ఐదేళ్ళు గమనించిన అధ్యయనంలో, డైటింగ్ చేసిన పిల్లలు చేయని వారికన్నా ఎక్కువ బరువు పెరిగినట్టు 2006లో తేలింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో తల్లిదండ్రులకు ఇచ్చిన సలహా కూడా ఇదే: ఇంట్లో బరువు ప్రస్తావన తగ్గించండి, డైటింగ్‌ను ప్రోత్సహించకండి, కలిసి కూర్చుని భోంచేయండి.

అంటే సమస్యను దాచిపెట్టమని కాదు. తలుపు వేసుకుని, ఒక్కసారి, పిల్లవాడు వినగలిగే పూట చూసి, మెడ నలుపు ఎందుకు వచ్చిందో, డాక్టరు ఏం చెప్పారో, ఇంట్లో అందరం ఏం మార్చుకోబోతున్నామో చెప్పాలి. ఏది ముందు మార్చాలో వాడినే ఎంచుకోనివ్వాలి. తండ్రి సోఫాలో కూర్చుని మిక్చరు తింటూ కొడుక్కి కీరా ముక్కలు పెడితే ఆ ఇంట్లో ఏ మార్పూ నిలవదు. మా మరిది కూడా రాత్రి అన్నం ఒక వాయికి తగ్గించుకున్న రోజు నుంచే పిల్లవాడి గొడవ తగ్గింది.

ఇంకో వైపు ప్రమాదాన్ని కూడా గమనిస్తూ ఉండాలి. లావుగా ఉన్న పిల్ల వేగంగా సన్నబడుతుంటే ఇల్లంతా మెచ్చుకుంటుంది, ఆ మెచ్చుకోలు చాటున తిండి రుగ్మత మొదలవుతుంది. లావవుతామన్న భయంతో తిండి మానేసే జబ్బు, అనొరెక్సియా, సన్నని పిల్లలకే వస్తుందనుకోకూడదు. ఎక్కువ బరువు నుంచి దిగుతున్నవారికీ వస్తుంది, బరువు అప్పటికి మామూలుగానే కనిపిస్తున్నా గుండె లయ మందగించి ఆసుపత్రిలో చేర్చవలసి రావచ్చు. భోజనం కాగానే బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకోవడం, కలిసి తినకుండా సాకులు చెప్పడం, చలి చలి అనడం, నిలబడితే కళ్ళు తిరగడం, నెలసరి ఆగిపోవడం గుర్తులు. మన ఇళ్ళలో దీనికి మరో ముసుగు ఉంది. ఉన్నట్టుండి శనివారాలు ఒక్కపొద్దు అని, తర్వాత సోమవారాలు కూడా అని, పదిహేనేళ్ళ పిల్ల వ్రతాలు పెంచుకుంటూ పోతే, భక్తి అని మురిసిపోయే ముందు ఆమె మిగతా రోజుల్లో ఏం తింటోందో చూడండి. అనుమానం కలిగితే బెంగళూరులో మానసిక ఆరోగ్య ఆసుపత్రి నిమ్హాన్స్ ఉంది. దేశంలో ఎక్కడి నుంచైనా 14416 నంబరుకు, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవకు, ఫోను చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

నిద్ర, ఆట

టీనేజీ పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రాత్రి పన్నెండు దాకా కోచింగ్ హోంవర్కు, తర్వాత అరగంట ఫోను, పొద్దున ఐదున్నరకు అలారం ఉన్న పిల్లవాడికి ఐదు గంటలు దక్కుతాయి. నిద్ర చాలని ఒంట్లో ఆకలిని పెంచే గ్రెలిన్ పెరిగి, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది, తీపి మీదికి మనసు పోతుంది. పీయూసీ, అంటే ఇక్కడి ఇంటర్‌తో పాటు జేఈఈ, నీట్ తయారీలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు దీన్ని ఒప్పుకోరని తెలిసినా చెబుతున్నాను, ఫోన్లన్నీ, పెద్దలవి కూడా, రాత్రి పదింటికి హాలులో ఒక డబ్బాలో పెట్టడం డైట్ చార్టు కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాల చురుకైన కదలిక, వారానికి కనీసం మూడు రోజులు కండకూ ఎముకకూ బలమిచ్చే శ్రమ ఉండాలని 2020లో చెప్పింది. వ్యాయామం ఒక్కదానితో బరువు అంతగా తగ్గదు, కాని కదులుతున్న కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే చక్కెరను లోపలికి తీసుకోగలదు కాబట్టి, కాటా కదలకపోయినా లోపల మేలు జరుగుతూనే ఉంటుంది. బరువున్న పిల్లవాడిని పరుగుకు పంపితే అందరికన్నా వెనక మిగిలి సిగ్గుపడతాడు. వాడికి బలం ఎక్కువ. తెలిసినవారి పర్యవేక్షణలో తేలికపాటి బరువులెత్తడం, తాడు లాగడం, బాస్కెట్‌బాల్, షటిల్ వంటివి ఇస్తే వాడు ముందుంటాడు. బరువులెత్తితే పొడవు పెరగరన్నది అపోహ. మా వాడు వాళ్ళ నాన్నతో కలిసి ఆదివారాలు వాహనాలు రాని కబ్బన్ పార్కులో సైకిలు తొక్కుతాడు, మిగతా రోజుల్లో అపార్ట్‌మెంటు కింద షటిల్ ఆడతాడు. పిల్లలు ఆడరాదని పార్కింగులో బోర్డు తగిలించే సంఘాలు ఆ బోర్డును తీసెయ్యాలని నా గట్టి అభిప్రాయం.

షేకులు, డీటాక్స్ నీళ్ళు, కొవ్వు కరిగించే మాత్రలు, విరేచనాల మందులు పిల్లలకు వద్దు, అంతే. ఇంజెక్షన్ల గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. అమెరికాలో సెమాగ్లుటైడ్ అనే బరువు తగ్గించే ఇంజెక్షన్‌కు 2022 డిసెంబరులో 12 ఏళ్ళు నిండిన ఊబకాయ పిల్లలకు అనుమతి వచ్చింది. తీవ్రమైన ఊబకాయం, దానితో జబ్బులు ఉన్న పిల్లలకు పిల్లల హార్మోన్ నిపుణుడు ఆలోచించవలసిన మందు అది, జిమ్ము స్నేహితుడి మాట మీద కొనవలసినది కాదు. ఆ దేశపు పిల్లల వైద్యుల సంఘం 2023లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మందుల కన్నా నాకు ముఖ్యంగా తోచింది మరో అంకె: కుటుంబంతో ఎదురెదురుగా కూర్చుని తిండి, కదలిక, అలవాట్ల మీద 3 నుంచి 12 నెలల్లో కనీసం 26 గంటల పాటు పని చేయాలి. పది నిమిషాల ఓపీలో చీటీ రాయించుకుని వచ్చేయడం దానికి సాటి కాదు. కాబట్టి డైటీషియన్‌తో నెల నెలా కూర్చునే ఏర్పాటు ఉందా అని ముందే అడగాలి. ఖర్చు భారమైతే నిమ్హాన్స్‌కు దగ్గరలోనే ఇందిరా గాంధీ పిల్లల ఆరోగ్య సంస్థ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది.

పది నెలల తర్వాత, సంక్రాంతి ముందు, మా చెల్లెలు కొడుకును మళ్ళీ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళింది. వాళ్ళ అవ్వ కూడా పట్టుబట్టి వెంట వచ్చింది. కాటా మీద 66 కిలోలు వచ్చింది. ఇన్ని నెలలు పిల్లోణ్ణి మాడ్చి ఒక కిలో పెంచినారా అని అవ్వ అక్కడే కోడలిని అడిగేసింది. డాక్టరు ఎత్తు కొలిస్తే 160 సెంటీమీటర్లు. బీఎంఐ 27 నుంచి 25.8కి వచ్చింది, నడుము 88 నుంచి 84కి దిగింది, దారం కొసల మధ్య ఎడం రెండు వేళ్ళకు తగ్గింది, మెడ నలుపు కొద్దిగా పలచబడింది. డాక్టరు చార్టు మీద రెండో చుక్క పెట్టి, ఊబకాయపు గీతకు ఇంకా పైనే ఉన్నాడు గాని ముందటి కన్నా దగ్గరికి వచ్చాడని అవ్వకు వేలితో చూపించి, మూడు నెలల తర్వాత రమ్మని తేదీ రాశారు.